మా అవ్వ చెప్పిన వయసు

సహోదరీ సహోదరులారా, నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు, అందుకని మన సంఘపత్రికలో రాస్తున్నాను. మా అమ్మ చలిజ్వరంతో పోయిన తరువాత రెండేండ్లు మా ఇంట్లో పొయ్యి వెలిగింది గాని వెలుగు లేదు. మా ఊరు బేస్తవారిపేటకు రెండు కోసుల దూరం, జొన్న, కొర్ర, ఆముదం తప్ప మరొకటి పండని మెట్టచేను మాది, ఇంట్లో మా నాయన, ఆయన్ని కన్న మా అవ్వ, నేను, ముగ్గురమే మిగిలినాము. నాయన చేనుకు పోయి వచ్చి, తిని, గోడకు ఆనుకొని కూర్చుండేవాడు. నేను పుట్టినప్పటినుండి సిగ్గరిని, అమ్మ పోయినాక ఇంకా ముడుచుకొని పోయినాను, ఎవరు ఏమి అడిగినా తల నిలువుగానో అడ్డంగానో ఊపేదాన్నే గాని నోరు తెరిచేదాన్ని కాదు. "పెంటమ్మ నాలుక వాళ్ళమ్మతోనే పోయిందిలే" అని ఊళ్ళో ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. పెంటమ్మ నా పేరు. నాకు ముందు పుట్టిన ఇద్దరు పసివాళ్ళు చనిపోయినందున, నన్ను పుట్టిన రోజునే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, దోసెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు తెచ్చుకొని, ఆ పేరు పెట్టినారంట.

ఆ దినాలలో మంగళవారం మంగళవారం కంభంనుండి మార్తమ్మగారనే బోధకురాలు మా ఊరికి నడిచి వచ్చేది. తెల్లచీర, చేతిలో గొడుగు, సంచిలో మార్కాపురం పలకలు నాలుగు. ఆమె మొదట అక్షరాలు నేర్పేది, తరువాతనే వాక్యం చెప్పేది. ఎవరైనా "ఏందమ్మా, మమ్మల్ని మీ మతంలో కలుపుకోను వచ్చినావా?" అంటే, "కలుపుకొనేది నేను కాదు తల్లీ, నేను ఉత్త అ, ఆ లు చెప్పేదాన్ని" అని నవ్వేది. నాకు చదువు రావడం చూసి ఒక చిన్న సువార్త పుస్తకం ఇచ్చింది. చేనులో మంచె మీద పిట్టలను తోలుతూ ఆ పుస్తకాన్ని నేను ఎన్నిసార్లు చదివినానో, తప్పిపోయిన కుమారుని కథ దగ్గరికి వచ్చేసరికి ఎన్నిసార్లు పిట్టల సంగతే మరిచిపోయినానో, మా నాయనకు తెలియదు, ఆ ఏడు జొన్న తక్కువ వచ్చిందని మాత్రం తెలుసు.

అట్ల ఉండగా మా నాయన నన్ను మా మేనమామకు ఇస్తానని మాట ఇచ్చినాడు. మామకు అప్పటికే పెళ్ళయి పదేండ్లు, పిల్లలు లేరు. చదివేవాళ్ళు మామను చెడ్డవాడనుకోవద్దు, ఆయన నెమ్మదిగల మనిషి. మా అత్త తానే వచ్చి నా తల దువ్వి, "నువ్వు వస్తే నిన్ను తోబుట్టువు లెక్క చూసుకుంటా, మన ఇంటికి ఒక బిడ్డను కని ఇయ్యి చాలు" అని కన్నీళ్ళు పెట్టుకుంది. నాయన దృష్టిలో అమ్మ పుట్టింటికే నేను పోతాను, అంతకంటే భద్రమైన చోటు ఏముంది? నాకు మాత్రం ఒకరి కాపురంలో రెండో మనిషిగా అడుగుపెట్టడం తలుచుకుంటే ఊపిరి ఆడేది కాదు, చదువుకోవలెనని, ప్రభువును బహిరంగంగా ఒప్పుకోవలెనని మనసులో ఉంది, అది నాయనకు చెప్పను నోరు రాలేదు. ఆ రోజులలో నా నోటుపుస్తకంలో ఒకే ప్రార్థన మళ్ళీ మళ్ళీ రాసుకున్నాను: "ప్రభువా, నాకు మాట్లాడను రాదు, నా తరపున నువ్వే మాట్లాడు."

ఒక శుక్రవారం నాయన సంతకు పోయినాడు, అవ్వ పెరట్లో ఆముదాలు కొడుతూ ఉంది. నేను కట్టుబట్టలతో, సువార్త, నోటుపుస్తకం కొంగున ముడివేసుకొని, కంభం దారి పట్టి నడిచినాను. మధ్యాహ్నానికి మార్తమ్మగారి ఇల్లు చేరినాను. ఆమె నన్ను చూసి భయపడి, మజ్జిగ తాగించి, "మీ నాయనకు చెప్పే వచ్చినావా పాపా?" అని అడిగింది.

సహోదరులారా, నేను తల నిలువుగా ఊపినాను.

ఒక్క మాట కూడా పలకకుండానే అబద్ధం ఆడినాను. ఆమె నమ్మింది, నమ్మి మరునాడు పొద్దున రైలులో నన్ను మార్కాపురం తీసుకపోయి మిషన్ బడిలో, ఆడపిల్లల బోర్డింగులో చేర్చింది. మూడో రోజుకు మా నాయన పోలీసు జవానును వెంటబెట్టుకొని వచ్చినాడు. మార్తమ్మగారిని ఠాణాకు తీసుకపోయినారు, ఇద్దరు సంఘస్థులు జామీను నిలబడితే సాయంత్రానికి విడిచిపెట్టినారు. తన బిడ్డను మాయమాటలతో ఎత్తుకపోయిందని నాయన ఫిర్యాదు. విచారణ ముగిసేదాకా నన్ను బోర్డింగులోనే ఉండనిచ్చినారు.

మార్తమ్మగారు తిరిగి వచ్చినప్పుడు నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి నిజం ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను, పొమ్మంటుందనుకున్నాను. ఆమె గొడుగు పిడిని తిప్పుతూ, "తల ఊపి నన్ను ఠాణాకు పంపినావు, ఈసారి ఊపవద్దు తల్లీ, నోరు తెరువు" అంది, అని నా వీపు నిమిరింది. తన మీద నేరం తెచ్చిన పిల్లకు ఆ రాత్రి అన్నం కలిపి పెట్టింది ఆమె. ఇట్లాంటి మనిషి చేతిమీదుగా నాకు సువార్త అందినందుకు నేను ఎన్నటికీ గర్వపడతాను.

మా తరపు వకీలుగారు వచ్చి సంగతి విడమరచి చెప్పినారు, నేను దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంగ్లీషు దొరల చట్టం ప్రకారం పద్దెనిమిది నిండేదాకా ఎవరైనా మైనరే, తండ్రి చేతికింద ఉండవలసినవాళ్ళే. అయితే ఆడపిల్లను ఎత్తుకపోయిన నేరం మాత్రం పదహారు నిండని పిల్ల విషయంలోనే. పదహారు నిండని పిల్ల ఇష్టపడి వచ్చినా, తన కాళ్ళతో తానే నడిచి వచ్చినా, తండ్రి ఒప్పుకోలు లేకుండా తీసుకపోయినవాళ్ళది తప్పే అవుతుంది, తండ్రి ఒప్పుకున్నాడని నమ్మి తీసుకపోయినానంటే చెల్లదు. పదహారు నిండి తనంతట తాను వచ్చిన పిల్లయితే ఆ నేరం నిలవదు. "ఇంతకూ నీ వయసెంతమ్మా?" అని ఆయన అడిగినారు.

ఇంట్లో నాకు తెలిసినప్పటినుండి లెక్క ఒకటే. అమ్మ చెప్పిన లెక్క, నాయన ఫిర్యాదులో రాయించిన లెక్క. పదహైదు.

వకీలుగారు కాగితాలు మూసినారు. మా ఊరి మునసబు నాయన చెప్పిన సంవత్సరం జనన రిజిస్టరు వెదికి, ఆ ఇంట ఆడబిడ్డ పుట్టినట్టు రాసిలేదని కాగితం పంపినాడంట. పల్లెలలో ఎన్నో కాన్పులు రాయించకుండానే పోతాయి గనుక దానికి ఎవరూ ఆశ్చర్యపడలేదు. నా వయసుకు ఇక నోటిమాటే సాక్ష్యం.

అప్పుడు సంఘపెద్ద ఒకాయన, మంచివాడే, నా మేలు కోరినవాడే, నన్ను పక్కకు పిలిచి, "రిజిస్టరులో లేదు గదమ్మా, కాదనేవాడు ఎవడు? పదిహేడని చెప్పు. ఆమె జైలు తప్పుతుంది, నీ పెళ్ళి తప్పుతుంది. ఇదంతా దేవుని పని కోసమే గదా" అన్నాడు. నేను బడి వెనక కట్టెల గదిలో కూర్చుని ఒక పగలంతా ఆ మాటతో పెనుగులాడినాను. నిజం చెబితే మార్తమ్మగారికి జైలు, నాకు తిరిగి ఊరు, వచ్చే నెలలోనే పెళ్ళి. అబద్ధం చెబితే అందరికీ విడుదల. నేను మోకాళ్ళ మీద ఉండి, "తండ్రీ, ఒక అబద్ధంతో ఇంతదూరం వచ్చినాను, రెండోదానితో నీ దగ్గరికి ఎట్ల వస్తాను? నాకు నిజం చెప్పే బలం ఇయ్యి, ఆ తరువాత జరిగేది నీ చేతిలో పెడుతున్నాను, నేను మోయలేను" అని ఏడ్చినాను. లేచేసరికి భయం పోలేదు, కాని ఏమి చెప్పవలెనో తెలిసింది. మార్తమ్మగారికి చెబితే ఆమె, "పదహైదంటే పదహైదే చెప్పు. నువ్వు అబద్ధమాడి నన్ను బయటికి తెస్తే రేపు ఏ ఊరికి పోయి ఏమని బోధిస్తాను?" అంది.

విచారణ దినాన మార్కాపురం కచేరీ నిండిపోయింది. మా ఊరినుండి రెండు బండ్లు వచ్చినాయి. నాయన తెల్ల తలపాగా కట్టుకొని ముందు నిలబడినాడు, నావైపు చూడలేదు. అవ్వ బయట అరుగు మీద కూర్చుని తమలపాకులు దంచుకుంటూ ఉంది. ఆమెను నాయన తరపు సాక్షిగా తెచ్చినారు.

మేజిస్ట్రేటుగారు నన్ను పిలిచినారు. ఇన్నేండ్లలో పరాయి మగవారి ఎదుట ఒక్క వాక్యం పలికిన దాన్ని కాదు. "నీ వయసెంత?" అన్నారు. నేను మనసులో ప్రభువా అనుకొని నోరు తెరిచినాను. "అయ్యా, మా ఇంట్లో పదహైదంటారు, నాకు తెలిసింది అంతే. మార్తమ్మగారు నన్ను పిలవలేదు. నేనే నడిచి పోయినాను, మా నాయనకు చెప్పినానని ఆమెతో అబద్ధమాడినాను. తప్పు నాది." మా వకీలుగారు నుదురు పట్టుకున్నారు, సంఘపెద్ద గోడవైపు తిరిగినాడు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. దేవునికే మహిమ, అంతమందిలో నా మాట తడబడలేదు.

తరువాత అవ్వను పిలిచినారు. ఆమె వంగిన నడుముతో వచ్చి నిలబడి, దేవుని మీద ప్రమాణం చేసింది.

"నీ వయసెంత అవ్వా?" అని గుమాస్తా అడిగినాడు.

"నా వయసుతో నీకేం పని నాయనా, ఉండే పళ్ళు లెక్కబెట్టి రాసుకో" అంది. కచేరీలో అందరూ నవ్వినారు.

నాయన తరపు వకీలు ముందుకు వచ్చి, "నీ మనవరాలికి పదహైదు గదా అవ్వా?" అన్నాడు.

అవ్వ నావైపు చూసింది, నాయనవైపు చూసింది. "పదహైదు మేము బయటికి చెప్పేది. అసలుది వేరే" అంది.

వకీలు తెల్లబోయినాడు. మేజిస్ట్రేటుగారు కలం కింద పెట్టి, "అంటే ఏంది? సరిగా చెప్పు" అన్నారు.

"దీనికి ముందు ఇద్దరు పోయినారు దొరా, ఒకడు ఎనిమిదో దినాన, ఒకడు మూడో నెలలో. ఇది పుట్టినాక, వయసు ఉన్నది ఉన్నట్టు చెబితే యముడు దీన్ని కూడా ఎత్తుకపోతాడేమోనని, దీనికి ఏడాది నిండిన రోజు నేను, నా కోడలు కలిసి ఆ ఏడు తీసేసినాము. ఎవరు అడిగినా మళ్ళీ మొదటినుండి లెక్క చెప్పినాము. యముడు వెదుక్కుంటూ వచ్చినా ఈ పిల్ల ఆ పిల్ల కాదనుకోవాలని. చెప్పీ చెప్పీ అదే నిజమైపోయింది. నా కొడుకు ఆ పంటల మీద పంటల్లో లెక్క మరిచినాడు, వాడు అబద్ధం చెప్పలేదు, వాణ్ణి ఏమీ అనొద్దు. పుట్టిన రోజు మునసబు ఇంటికి పోయి రాయించింది నేను. మీరు చూసినదానికి ముందు సంవత్సరం పుస్తకం తెప్పించండి."

మేజిస్ట్రేటుగారు వాయిదా వేసి ఆ పుస్తకం తెప్పించినారు. అందులో మా నాయన పేరు, ఆడబిడ్డ, అని ఉంది. నేను ఇల్లు విడిచిన శుక్రవారానికి నాకు పదహారు నిండి రెండు నెలలు దాటినాయి. ప్రియులారా, ఆలోచించండి, ఆ కచేరీలో ప్రభువును నమ్మినవాళ్ళం మేము, వాక్యం చదివేవాళ్ళం మేము, అయితే నాకు మాట్లాడే బలం కోసం ఒక పగలంతా ఏడవవలసి వచ్చింది, సంఘపెద్ద అబద్ధం నేర్పినాడు. అక్షరం రాని మా అవ్వ, మన ప్రభువు పేరు చెబితే ముఖం తిప్పుకొనే మా అవ్వ, నేను వెనక్కి రావలెనని అందరికంటే ఎక్కువ కోరుకున్న మా అవ్వ, తన కొడుకు తరపున నిలబడి తన కొడుకు ఓడిపోయే మాట చెప్పింది. నిజం మన దగ్గరే ఉంటుందనుకొనే గర్వాన్ని దేవుడు ఆ దినాన నాలోనుండి తీసివేసినాడు.

మార్తమ్మగారి మీద నేరం కొట్టివేసినారు. మేజిస్ట్రేటుగారు నాతో నిదానంగా, "నువ్వు సంతోషపడి పరుగెత్తవద్దు. ఈమె నేరస్థురాలు కాదు, అంతవరకే నా తీర్పు. పద్దెనిమిది నిండేదాకా మీ నాయనే నీకు సంరక్షకుడు. ఆయన కావాలంటే కర్నూలు పోయి జిల్లా కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు, అక్కడ జడ్జిగారు నీకు ఏది మేలో చూస్తారు, నీ ఇష్టం అడుగుతారు, పంపమంటే పోవలసి వస్తుంది" అని చెప్పినారు. అంటే ఇంకా ఏమీ తేలలేదు, అంతా మా నాయన చేతిలో ఉంది.

బయట చింతచెట్టు నీడన నాయన తలపాగా తీసి ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. పక్కన అవ్వ. నేను దగ్గరికి పోయినాను.

"ఎందుకు చెప్పినావమ్మా?" అని నాయన అవ్వను అడుగుతున్నాడు. కోపం కాదు, అలసట.

"చచ్చిపోతుందేమోనని దాని ఏడు ఒకటి దాచినాము. ఇప్పుడు బతికి నిలబడింది గదరా, నీ కళ్ళముందర నోరు తెరిచి మాట్లాడింది గూడా. దాని ఏడు దానికి ఇచ్చేసినాను. ఇంకా నా దగ్గర పెట్టుకొని ఏం చేసుకోను?"

నేను నాయన ముందు కూర్చున్నాను. "నాయనా, చెప్పకుండా వచ్చినాను. తప్పు చేసినాను."

"అడిగింటే పంపేవాణ్ణి కాదు" అన్నాడు నాయన.

"తెలుసు నాయనా. అయినా అడగవలసింది."

ఆయన నేలమీద పుల్లతో గీతలు గీసినాడు. "మీ మామకు ఏం చెప్పాలి?" అన్నాడు.

"నేను చెప్తాలే" అంది అవ్వ. "వాళ్ళ చేను పండలేదని విత్తనానికి పంపను నా మనవరాలు ఏమన్నా జొన్నగింజనా?"

నాయనకు నవ్వు వచ్చింది, దాన్ని తలపాగా తుడుచుకుంటున్నట్టు దాచుకున్నాడు. లేచి నిలబడి, బండి కట్టమని మావాళ్ళకు కేక వేసి, నావైపు చూడకుండానే, "కర్నూలు శానా దూరం. చేను విడిచి అంతదూరం నేను పోలేను" అన్నాడు.

మా నాయన కర్నూలుకు పోయిరావడం నేను ఎరుగుదును. ఎద్దుల కోసం అంతకంటే దూరం నడిచినవాడు ఆయన. మరుసటి వారం ఆయనే మళ్ళీ మార్కాపురం వచ్చి, నేను బడిలో ఉండి చదువుకోవడానికి సమ్మతమేనని కాగితం మీద వేలిముద్ర వేసినాడు, ఒక గోతాంలో కొర్రలు తెచ్చి బోర్డింగు వంటమనిషికి ఇచ్చిపోయినాడు. బాప్తిస్మం సంగతి అడిగితే, "పద్దెనిమిది నిండనీ, అప్పుడు నీ ఇష్టం" అన్నాడు. నేను ఆగినాను. ఆ రెండేండ్లు నాకు బరువు కాలేదు, సెలవులకు ఇంటికి పోయి చేను పని చేసినాను, నాయన ఎదుట దాచకుండా ప్రార్థన చేసుకున్నాను. బాప్తిస్మం దినాన ఆయన రాలేదు గాని, అవ్వను బండి ఎక్కించి పంపినాడు. ఆమె నీళ్ళ ఒడ్డున కూర్చుని, "చలికాలం, తొందరగా కానీయండయ్యా, పిల్లకు జలుబు చేస్తుంది" అని పాస్టరుగారిని గదమాయించింది.

ఇప్పుడు నేను అదే బడిలో చిన్న తరగతులకు చెబుతున్నాను. అప్పుడప్పుడు ఏ పల్లెనుండో ఒక పిల్ల వచ్చి, "అక్కా, పద్దెనిమిది నిండకుండా ఇల్లు విడిచి రావచ్చునా, చట్టం ఒప్పుకుంటుందా?" అని అడుగుతుంది. నాకు తెలిసినది చెబుతాను, పదహారుకు ఒకటి ఉంది, పద్దెనిమిదికి ఒకటి ఉంది, కొట్టి హింసించే ఇల్లయితే ఆ సంగతి పెద్దలకు, అధికారులకు చెప్పుకోవచ్చు అని. చెప్పి, ఆ పిల్లను వెంటబెట్టుకొని మార్తమ్మగారు, నేను ఆ పిల్ల ఇంటికి పోతాము, తల్లిదండ్రులతో కూర్చుంటాము. కొన్ని చోట్ల మజ్జిగ ఇస్తారు, కొన్ని చోట్ల కుక్కను వదులుతారు. కుక్కను వదిలిన ఇంటికి మార్తమ్మగారు రెండోసారి కూడా పోతుంది, గొడుగు మాత్రం మరిచిపోదు.

ఇదంతా నా తెలివి కాదు, నా ధైర్యం కాదు, విరోధపక్షాన నిలబడిన సాక్షి నోటనే నా విడుదలను పెట్టిన దేవునికి నా జీవితకాలమంతా కృతజ్ఞురాలను. ఇది చదువుతున్న తమ్ముడా, చెల్లెలా, మీ ఇంట్లో చెప్పలేని మాట ఏదైనా మీ గుండెలో బరువుగా ఉంటే, వాకిలి దాటే ముందు దాన్ని ప్రభువు ఎదుట పెట్టండి, తరువాత మీ నాయన ఎదుట, మీ అమ్మ ఎదుట పెట్టండి. వాళ్ళు కాదనవచ్చు, కోప్పడవచ్చు, దారి మూసుకపోయినట్టు కనబడవచ్చు. ఆయనను నమ్మి నిజం చెప్పండి. మా అవ్వ ఇంకా ఆయనను నమ్మలేదు, ఆమె కోసం మీరందరూ ప్రార్థించండి, ఆమెకు మన దేవుడు ఎవరో తెలియక మునుపే ఆమెను తన సాక్షిగా నిలబెట్టుకున్నవాడు, మిమ్మల్ని నిలబెట్టకుండా ఉంటాడా?